ఒకరోజు ముందొచ్చిన కేకు

జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో ముప్ఫై ఒక్కేళ్లుగా ట్రాము నడుపుతున్న మార్లీస్‌కి కుదురుగా కూర్చోవడం పనిలో ఉన్నప్పుడే చేతనవును. సెలవు దొరికితే చాలు, కాలుగాలిన పిల్లి అయిపోతుంది. భర్త చనిపోయిన ఏడాది ఇంటి గోడలన్నిటికీ తానే రెండుసార్లు రంగు వేసింది. రెండోసారి ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు.

ఆ శనివారం మాత్రం మరీ విపరీతం. ఆదివారంతో ఆమెకు అరవై నిండుతాయని, డిపోలో తనతోపాటు ట్రాములు నడిపే ముగ్గురు స్నేహితురాళ్లు రోజ్విటా, ఇలోనా, జీగ్రున్ రెండు రోజుల షికారుకని క్వెడ్లిన్‌బుర్గ్‌కి లాక్కొచ్చారు. రైలు దిగింది మొదలు ఆమె ముందు, వాళ్లు వెనక. రాళ్లు పరిచిన సందుల్లోనూ, కోట ఎక్కే దారిలోనూ, చివరికి చర్చిలోనూ వాళ్లకు కనిపించింది ఆమె వీపే.

"ఏమే, నీ వెనకాల ఇంకో ట్రాము తరుముకొస్తోందా? నా మోకాళ్ల మీదైనా జాలి చూపించు తల్లీ!" అని రోజ్విటా అరిచింది.

"ఆగితే వాన పట్టుకుంటుంది," అంది మార్లీస్. ఆకాశంలో మబ్బు తునక లేదు.

అసలు సంగతి సోమవారంలో ఉంది. ఆమె రొమ్ములోని గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం ఆ రోజు చెబుతారు. ఈ మాట ఆమె ఎవరి చెవినా వెయ్యలేదు. చెబితే షికారు కాస్తా పరామర్శ అయి కూర్చుంటుంది. చెప్పకుంటే కాలు ఒకచోట నిలవనివ్వడం లేదు.

మధ్యాహ్నం ఒక హోటల్లో కాఫీకి కూర్చున్నారు. బల్ల కింద మార్లీస్ కుడికాలు, ట్రాము గంట మోగించే పెడల్ అక్కడే ఉన్నట్టు, నేలను తొక్కుతూనే ఉంది. అంతలో వడ్డించే అమ్మాయి కొవ్వొత్తి వెలిగించిన చెర్రీ కేకు తెచ్చి, "అరవయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలండీ!" అంది నవ్వుతూ.

స్నేహితురాళ్లు ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. మా జర్మనీలో పుట్టినరోజుకి ఒక్క నిమిషం ముందు కూడా ఆ మాట ఎవరూ అనరు, అంటే ఏడాదంతా కీడు. రోజ్విటాకి ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఒకసారి మొగుడు ముందురోజే పూలు తెస్తే, తెల్లారేదాకా వాటిని గడప దాటనివ్వలేదు.

"రేపటికని ఫోనులో రెండుసార్లు చెప్పానే!" ఇలోనా ముఖం పాలిపోయింది. రోజ్విటా కీడు తొలగాలని బల్ల చెక్క మీద మూడుసార్లు కొట్టి, "తీసుకుపో అమ్మాయీ, రేపు తే," అంది.

"ఉండనివ్వవే," అంది మార్లీస్. "వచ్చే కీడు ఎలాగూ దారిలోనే ఉంది. రొమ్ములో గడ్డ. అదేమిటో సోమవారం చెబుతారు. నాకు భయంగా ఉందే."

జీగ్రున్ చెంచా పక్కన పెట్టి మార్లీస్ చెయ్యి పట్టుకుంది. అప్పుడు రోజ్విటా మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడింది.

"పుట్టినరోజు శుభాకాంక్షలు, మార్లీస్!" అంది, పక్క బల్లవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

"నీకేమైనా మతిపోయిందా?" అంది ఇలోనా.

"నువ్వూ చెప్పు. కీడంటూ ఉంటే చెప్పినవాళ్లకీ తగలాలి కదా? నలుగురం పంచుకుంటే ఒక్కదాని నెత్తిన పడదు."

ఇలోనా చెప్పింది. జీగ్రున్ ఏడుస్తూ చెప్పింది.

"సోమవారం ఎన్నింటికి?" అని రోజ్విటా అడిగింది.

"పదింటికి."

"సరే, ముగ్గురం సెలవు పెట్టి వస్తాం."

"మరి ట్రాములు ఎవరు నడుపుతారే?" అంది మార్లీస్ కళ్లు తుడుచుకుంటూ.

"ఒక్కపూట నడవనీ జనాన్ని."

మార్లీస్ కొవ్వొత్తి ఊదింది. బల్ల కింద కాలు ఆగింది.