కుర్చీ కింద ఏముంది

మా మేస్త్రి పోయారన్న కబురు సోమవారం పొద్దున, నేను బడికి బయల్దేరుతుంటే వచ్చింది. అశ్వారావుపేటలో మా వీధి చివర వడ్రంగి పని చేసే పెద్దాయన. నిద్రలోనే పోయారట. ఫోను పెట్టేసి నేను చేసిన మొదటి పని, హాల్లో ఆయన చేసిచ్చిన కుర్చీని తలకిందులు చేయడం. "ఇప్పుడేంది అది?" అన్నారు నాన్న. నాలుగేళ్ల కిందటే చేయాల్సిన పని మరి.

ఆయన ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీని తిప్పి కింద చూసేవారు, తర్వాతే కూర్చునేవారు. పెళ్లిళ్లలో ప్లాస్టిక్ కుర్చీలను కూడా వదిలేవారు కాదు. భోజనాల దగ్గర వరస ఆగిపోయి జనం విసుక్కునేవాళ్లు. "ముంగట ఎవలైనా నున్నగ జేస్తరు. పనితనం కిందనే తెలుస్తది," అనేవారు.

నాకేమో ఫోనులో చూసిన ఒక కుర్చీ మీద మోజు పుట్టింది. డెబ్బై ఏళ్ల కిందటి నమూనా. వెడల్పుగా చాచిన కాళ్లు, టేకు చట్రం, సీటుకూ వీపుకూ కేన్ అల్లిక. ఇంత పల్చటి కుర్చీ మనిషిని ఎలా మోస్తుందా అని పదేపదే చూసేదాన్ని. మేస్త్రికి ఆ ఫొటో చూపిస్తే ఫోనునే వెనక్కి తిప్పి చూశారు. అలవాటు మరి. ఇద్దరం నవ్వుకున్నాం.

"గిది ముంగటి బొమ్మ. కింద ఏమున్నదో?" అన్నారాయన.

"ఏం లేదు మేస్త్రీ. కనిపిస్తలేదా?"

"కనవడనిది లేదంటే ఎట్లమ్మా? మనోళ్లు కుర్చీల గూడ కాళ్లు మడిచే కూసుంటరు. బరువంత ఒక్క దిక్కే పడ్తది. సీటు కింద అడ్డపట్టీ ఒకటి కావాలె."

ఫొటోలో లేనిది వద్దన్నాను. అందం పోతుందన్నాను. క్లాసులో పిల్లలకు చెప్పే గొంతుతో చెప్పాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన వాదించలేదు. కూలగొట్టిన పాత ఇంటి టేకు దూలాలు వెతికి తెచ్చి, అచ్చం ఫొటోలో ఉన్నట్టే చేసిచ్చారు.

మా నాన్న ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకుంటే గాని కూర్చోలేరు. నెల తిరక్కుండానే కుర్చీ కిర్రుమనడం మొదలైంది. దారిన పోతూ ఆ చప్పుడు వింటే మేస్త్రి మా గుమ్మం దగ్గర ఆగిపోయేవారు. ఆయన చేసిన వాటిలో మూలిగేది అదొక్కటే. బాగుచేయమంటే మాత్రం ఒప్పుకోలేదు.

"ముందు అసలుదాన్ని సూడాలె. తప్పు నాదో నీదో తేలాలె. హైదరాబాద్‌ల ఉంటదన్నవ్ గదా, ఒక్కపాలి తీస్కపో టీచరమ్మా."

"అవ్ మేస్త్రీ, ఎండాకాలం సెలవుల్ల పోదాం," అనేదాన్ని. నాలుగు ఎండాకాలాలు గడిచిపోయాయి. కనిపించినప్పుడల్లా ఆయన అడిగేవారు: "కింద ఏముంటదంటవ్?" కోపం లేదు ఆ గొంతులో, ఉన్నదంతా కుతూహలమే. అదే నాకు ఎక్కువ బాధ.

సోమవారం తిప్పి చూస్తే, సీటుకు బెత్తెడు కింద, ఎదురెదురు కాళ్ల లోపలి వైపు రెండు పెన్సిల్ గీతలున్నాయి. అడ్డపట్టీ కోసం పెట్టుకున్న గుర్తులు. నేను వద్దన్నాక కూడా ఆయన చెరపలేదు.

పదకొండో రోజు అయ్యాక హైదరాబాద్ బస్సెక్కాను. ఆ పాత నమూనా కుర్చీలు అమ్మే షోరూం వెతుక్కుంటూ వెళ్లాను. "కదపొద్దు మేడం," అంది అక్కడ పనిచేసే అమ్మాయి. కదపనని చెప్పి, కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద వెల్లకిలా పడుకుని కుర్చీ కిందికి తల పెట్టాను.

"అయ్యో, కళ్లు తిరిగాయా మేడం?"

"లేదమ్మా. మా మేస్త్రి చూడమన్నారు."

ఉంది. సన్నటి అడ్డపట్టీ, ముందు నుంచి చూస్తే కనపడనంత లోపలికి. చెయ్యి అడ్డం పెట్టి కొలిచాను. సీటుకు సరిగ్గా బెత్తెడు కింద. తప్పు నాదే మేస్త్రీ, అన్నాను పైకే. అల్లిక కన్నాల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా నా చేతి మీద పడుతోంది.

ఆ అమ్మాయి మోకాళ్ల మీద వంగి, "కింద ఏముంది మేడం?" అని అడిగింది.

కొంచెం పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను.