వసంతమ్మ చెప్పింది, నేను టైపు కొట్టింది

నా పేరు సారంగపాణి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో, మా ఇంటి ముందు గదిలోనే ఇరవై ఏళ్ళకు పైగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. ఇది నా గొప్పలు చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. వడమాలపేట వసంతమ్మ గురించి రాస్తున్నాను. ఆమె కథలో నేను చేసిన వెధవపని ఒకటుంది. అది దాచిపెట్టి ఆమె గురించి ఎంత రాసినా మళ్ళీ అబద్ధమే అవుతుంది.

ఆ రోజుల్లో అర్జీ అంటే నా దగ్గరికే రావాలి. బదిలీ కావాలన్నా, ఉద్యోగం కావాలన్నా, కరెంటు కావాలన్నా సారంగపాణి టైపు కొడితే పని అయినట్టేనని జనం అనేవాళ్ళు. జనం అనేది నిజమేనని నేనూ నమ్మాను. బి.ఏ. రెండుసార్లు తప్పినవాణ్ణి, నాకు ఆ పొగరు ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

డెబ్బై ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఒక ఉదయం వడమాలపేట కుమ్మరి మునెయ్య కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ కూతురే వసంతమ్మ. ఇరవై ఏడేళ్ళుంటాయి. నాలుగో తరగతితో బడి మానేసింది. పెళ్ళయిన ఏడాదికే మొగుడు విషజ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. మద్రాసు రోడ్డు పక్కన వాళ్ళ ఇల్లు. ఆ ముందు నెలలో తిరుపతికి వస్తున్న ఒక డెన్మార్క్ దొరసాని కారు టైరు సరిగ్గా వాళ్ళ ఇంటి ముందే పంక్చరైంది. టైరు బాగయ్యేదాకా ఆవిడ వసంతమ్మ ఎదురుగా కూర్చుని, ఆమె పెద్ద బానను చేత్తోనే తట్టి తట్టి లేపుతుంటే చూసింది. పోతూ అడ్రసు రాసుకుని పోయింది. ఇప్పుడు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, చదివేవాళ్ళు లేక నా దగ్గరికి తెచ్చారు.

చదివాను. ఆవిడ వాళ్ళ దేశంలో కుండల పని నేర్పే బడిలో పంతులమ్మట. ఎనిమిది నెలల చదువు. దారి ఖర్చు, తిండి, పడక అన్నీ వాళ్ళవే. చిన్నప్పుడు చదువుకునే వీలు లేకపోయిన పనివాళ్ళకు మాత్రమే ఆ సీట్లు. సర్టిఫికెట్లు అక్కర్లేదు. నువ్వెవరివో, ఏం చేస్తావో, ఏం నేర్చుకోవాలనుందో నీ భాషలో నువ్వే రాసి పంపు, రాయలేకపోతే ఎవరిచేతనైనా చెప్పింది చెప్పినట్టు రాయించు అని ఉంది.

నాకు నవ్వొచ్చింది. చదువు లేనివాళ్ళకు బడేమిటి, నా మొహం! మన పెళ్ళిళ్ళకు పిలిచేటప్పుడు "ఏమీ తేవద్దండీ, మీరొస్తే అదే పదివేలు" అంటారు చూడండి, అది విని ఉత్త చేతులతో పోయేవాడెవడైనా ఉంటాడా? ఇదీ అట్లాంటి మర్యాద మాటే అనుకున్నాను. సర్టిఫికెట్ల సంగతి తండ్రీకూతుళ్ళకు చెప్పనే లేదు. "అర్జీ అడిగారు, నేను చూసుకుంటాను" అన్నాను.

మునెయ్య టీ తాగడానికి వీధి చివరికి పోయాడు. వసంతమ్మ గడపలోంచి వీధిలోకి తొంగిచూసి, నాయన దూరం పోయినాడని నమ్మకం కుదిరాక నోరు విప్పింది.

"మా నాయనకు సెప్పొద్దు సామీ. మా ఇండ్లల్లో ఆడోళ్ళు కుండలు జేసే సక్రం, ఆ సారె, ముట్టగూడదు. అందుకే నేను సేత్తోనే తడతాను. ఒకసారి నాయన పుత్తూరు సంతకు పోయినప్పుడు సారె తిప్పినాను. కుండ నిలబడింది సామీ! నా సేతుల్లోనే నిలబడింది. యెవురన్నా సూస్తారని మళ్ళీ ముద్ద సేసి పెట్టేసినాను. అది ఇంగా కండ్లల్లోనే ఉండాది. ఆడికి పోతే సారె ముట్టనిస్తారు గదా? ఇంగోటి. ఊరగాయ జాడీలకు ఆ నునుపు యెట్లొస్తాదో నాకు కావల్ల. ఇప్పుడందురూ పిలాస్టిక్ బిందెలు కొంటా ఉండారు. జాడీలు సేస్తే మా కడుపు నిండతాది. ఇదంతా రాయండి సామీ."

రాసుకున్నట్టు పెన్సిలు ఆడించాను. ఆమె చెప్పినంతసేపూ నా మనసు ఎక్కడుందో చెప్పనా? ఇట్లాంటి ఉత్తరం నా మిషను మీద నుంచి ఫారిన్ పోతే నా పరువేం గాను అని. దొంగతనంగా సారె తిప్పిందట, ముద్ద చేసిందట! ఎవరైనా నవ్విపోతారు.

మరునాడు బాండు కాగితం మీద నాకు తెలిసిన ఇంగ్లీషంతా కుమ్మరించాను. అర్జీదారు వసంతమ్మ ఎస్.ఎస్.ఎల్.సి. ఫస్టు క్లాసులో పాసైంది, ఇంగ్లీషు ధారాళంగా వచ్చు, చక్రం మీద పదేళ్ళ అనుభవం. చివర "తమ విధేయురాలు". మా ఆవిడ రంగనాయకి కాఫీ తెచ్చి, నేను చదివి వినిపిస్తే విని, "ఆ పిల్ల చెప్పింది రాయకుండా మధ్యలో మీ పెత్తనమేమిటండీ?" అంది. "నీకు వంటిల్లు తెలుసు, నాకు ఆఫీసులు తెలుసు, పో" అని కసిరాను.

సంతకానికి వచ్చినప్పుడు వసంతమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను సెప్పిందంతా ఉండాదా సామీ?"

"అంతకంటే బాగుందమ్మా. పెట్టు సంతకం."

నమస్కారం పెట్టి మరీ సంతకం చేసింది.

మూడు నెలలకు జవాబు నా అడ్రసుకే వచ్చింది. నిలబడే చదివాను, తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. మీరు ఇంత బాగా చదువుకున్నారని తెలిసి చాలా సంతోషం, కానీ మా సీట్లు చదువుకోలేకపోయిన వాళ్ళకోసం ఉంచినవి, మీలాంటి వాళ్ళకు పెద్ద కాలేజీలు ఉన్నాయి, మీ సీటు ఇంకొకరికి ఇచ్చాం, మన్నించండి. ఇదీ సారాంశం. నాకు తల తీసేసినట్లయింది.

అప్పుడైనా నిజం చెప్పి, తప్పు నాదని వాళ్ళకు ఇంకో ఉత్తరం రాసి ఉండొచ్చు. ఆ మాట తోచలేదంటే అబద్ధం. తోచింది. కానీ సారంగపాణి అర్జీ పాడుచేశాడని తిరుపతంతా అనుకుంటుందే! ఉత్తరం చింపి పొయ్యిలో వేశాను. వారం తర్వాత ఆమె వస్తే, కళ్ళు మిషను మీదే పెట్టి, "సీటు రాలేదమ్మా, నీకు చదువు లేదని" అనేశాను.

ఆమె మెల్లగా, "యెంత సదువు కావల్ల సామీ?" అంది.

"పదో తరగతైనా ఉండాలి." వదిలించుకోవడానికి నోటికొచ్చింది అన్నాను. అక్కడితో మరిచిపోయాను కూడా.

ఎనభై నాలుగులో ఒక మధ్యాహ్నం గడపలో ఎవరో నిలబడ్డారు. గుర్తు పట్టడానికి కొంచెం సమయం పట్టింది. జుట్టు అక్కడక్కడా నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి. వసంతమ్మ సంచిలోంచి ఒక కాగితం తీసి రెండు చేతులతో నా బల్ల మీద పెట్టింది. పదో తరగతి సర్టిఫికెట్. థర్డు క్లాసు మార్కులు, ప్రైవేటుగా రాసింది.

"లెక్కల్లో రెండుసార్లు తప్పినాను సామీ. మూడోసారికి గట్టెక్కినాను. మా ఊరి పంతులు దగ్గిర మునిమాపు సదువుకున్నా. సదువుకూ మట్టికీ కుదరక కుండల పని మానేసినా. నాయన పోయినాక సారె కూడా అమ్మేసినాము. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయాగా ఉండా. ఇంగ రాయండి అర్జీ."

నా నాలుక అప్పటికే ఇంకో అబద్ధం వెతుక్కుంటోంది. ఆ బడి మూసేశారమ్మా అందామని నోరు తెరిచాను. అంతలో ఆమే అంది: "ఆ పొద్దు నాకు సదువు లేకపోబట్టి ఆ ఫారిన్ వాళ్ళ ముందర మీకు తలవంపులాయె. అది నన్ను శానా బాధ పెట్టింది సామీ. యేమీ అనుకోబాకండి."

ఆమె నన్ను క్షమాపణ అడుగుతోంది! ఇంక దాచలేకపోయాను. చదువు లేనివాళ్ళకే ఆ సీటని, సర్టిఫికెట్లు వద్దన్నారని, ఆమె చెప్పింది ఒక్క ముక్క కూడా రాయలేదని, ఎస్.ఎస్.ఎల్.సి. అని నేనే కొట్టానని, అందుకే సీటు పోయిందని, జవాబు పొయ్యిలో వేశానని, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

వసంతమ్మ సర్టిఫికెట్‌ను తనవైపు లాక్కుంది.

"అయితే సామీ, ఆ పొద్దు నేను సెప్పింది సెప్పినట్టు రాసుంటే నేను పోయుందునా?"

"పోయి ఉండేదానివమ్మా."

"మరి యెందుకు రాయలేదు? నన్ను సూసి సిగ్గుపడినారా?"

"అవును" అన్నాను. ఆ ఒక్క మాటైనా ఆమెకు నిజం చెప్పాలనిపించింది.

ఆమె కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. తలెత్తకుండానే అంది:

"నేనూ అంతే సామీ. ఆ పొద్దు నుంచీ ఎనిమిదేండ్లు నన్ను సూసుకుని నేనే సిగ్గుపడినాను."