దోనె అంచుకీ నీటికీ మధ్య

2022 వానాకాలం. పాప పుట్టిన ఏడాదికి మళ్ళీ ఉద్యోగంలో చేరాను. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్ని. డాక్టర్లు పంపిన వాళ్ళకి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. పగలంతా బరువు తగ్గమని అందరికీ చెప్పేదాన్ని. ఇంటికెళ్ళాక మా పాప బరువు పెరగడం లేదని బెంగపడేదాన్ని. పిల్ల బాగానే ఉందని పిల్లల డాక్టరు గారు చెప్పినా నమ్మకం కుదిరేది కాదు. వారం వారం ఆసుపత్రికి తెచ్చి మెషిన్ మీద కూర్చోబెట్టి చూసుకునేదాన్ని.

ఆ రోజుల్లో ఎముకల డాక్టరు గారు మంగతాయారు గారిని నా దగ్గరికి పంపారు. పేర్లు మార్చి రాస్తున్నాను. యాభై దాటిన మనిషి, కొల్లేటిలో ఒక లంక గ్రామం, నూట పద్దెనిమిది కిలోలు. మోకాళ్ళు అరిగిపోయాయి. బరువు తగ్గాకే ఆపరేషన్ మాట అన్నారట డాక్టరు గారు. ఆవిడ వెనకాలే చెప్పులు చేత్తో పట్టుకుని భర్త పెద్దిరాజు గారు వచ్చారు. ఆయన గెడకర్రలా సన్నగా ఉన్నారు.

"ఓ ముప్పై కిలోలు తగ్గాలమ్మా. తొందరేం లేదు, మెల్లగా తగ్గుదాం" అన్నాను.

"ముప్పయ్యో నలభయ్యో మీ ఇష్టమండి. నేను మళ్ళీ దోనె ఎక్కాలి. అదీ నాకు కావాల్సింది" అన్నారావిడ.

దోనె అంటే తాటిమాను తొలిచి చేసిన చిన్న పడవ. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన గెడ వేస్తే ఈవిడ ముందు కూర్చుని వల తీసేవారు. రెండేళ్ళ కిందట ఒక రోజు ఆవిడ కూర్చోగానే అంచు మీంచి నీళ్ళు లోపలికొచ్చి ఇద్దరూ మునిగారు. నడుం లోతు నీళ్ళే. పెద్దిరాజు గారు నవ్వేశారు. ఆవిడ మళ్ళీ దోనె ఎక్కలేదు.

"ఇప్పుడు ఒక్కరే వెళ్తున్నారండి. ఆమధ్య కళ్ళు తిరిగి దోనెలోనే పడిపోయారు. పక్కన వల వేసేవాళ్ళు చూశారు కాబట్టి సరిపోయింది. చూడకపోతే?"

"ఎండకి తిరిగాయిలేవే" అన్నారాయన.

"తెల్లారకుండా ఎండెక్కడిదండి ఈయనకి? షుగరు. మందు వేసుకుని ఏమీ తినకుండా పోతారు."

ముందు ఆయన్ని కింది అంతస్తులో షుగరు చూసే డాక్టరు గారికి చూపించమని పంపాను. మందు, తిండి వేళలు సర్దారు. కానీ ఆవిడ భయం మందుతో పోయేది కాదు. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని నేను. ఆ భయం నాకు తెలుసు.

ఆవిడ అంతకుముందే ఒకసారి తగ్గారు. తాడేపల్లిగూడెంలో చెల్లెలి కూతురు ఏదో పొడి ఇచ్చిందట, అన్నం మానేసి నీళ్ళలో కలుపుకుని తాగమని. తాగినన్నాళ్ళూ తగ్గారు. మానగానే తగ్గినంతా వచ్చి, పైన మరికొంత వచ్చింది. అందుకే నేను జీవితాంతం తినగలిగే తిండే రాస్తానని గొప్పగా చెప్పి డైట్ చార్టు రాసిచ్చాను. పొద్దున రాగి జావ, రాత్రి రెండు చపాతీలు, కూర.

నెల తిరిగేసరికి రెండు కిలోలు పెరిగారు.

మా పనిలో డైట్ రీకాల్ అని ఒకటుంది. నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లో వేసుకున్నవన్నీ వరసగా అడగడం. అడిగాను.

"రాత్రి ఏం తిన్నారమ్మా?"

"మీరు రాసినట్టే రెండు చపాతీలండి. ఒక్కటి కూడా ఎక్కువ తినలేదు."

"తర్వాత?"

"తర్వాత అన్నం తిన్నాను."

"అన్నం బదులు కదమ్మా చపాతీ."

ఇద్దరూ నా వంక జాలిగా చూశారు. పెద్దిరాజు గారే నచ్చజెప్పారు: "చపాతీ అంటే టిఫినే కదండీ. అన్నం తినకుండా ఎలా పడుకుంటారు? నిద్దరెలా పడుతుంది?"

జావ కూడా అంతే. టీ బదులు రాస్తే, టీతో పాటు తాగారు. తప్పు వాళ్ళది కాదు. నేనూ ఈ గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్నే. మా నాన్న పెళ్ళి టిఫిన్లన్నీ తిని వచ్చి "ఇంకా భోజనం చెయ్యలేదు" అంటారు. అది తెలిసి కూడా, చదువుకున్న పుస్తకంలోంచి చపాతీ తీసి వాళ్ళ ముందు పెట్టాను.

ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లో తినే కంచం తెమ్మన్నాను. తువ్వాలులో చుట్టుకుని తెచ్చారు. అంచున్న పెద్ద స్టీలు కంచం. ప్లేట్ మెథడ్ అని ఒక పద్ధతి ఉంది, కంచాన్నే భాగాలుగా పంచడం. మార్కర్‌తో గీత గీశాను. సగం కూర: ఆనపకాయ, దొండకాయ, బచ్చలి, ఏదైనా. పావు అన్నం, పావు చేపల పులుసు. వేపుడు వద్దు. టీలో పంచదార తగ్గించాలి. చపాతీ అసలే వద్దు.

"రాత్రి కూడా అన్నమేనాండీ?" ఆవిడ నమ్మలేదు.

"అన్నమే. ఈ గీత దాటకూడదు."

పెద్దిరాజు గారు గీతని పరీక్షగా చూశారు. "ఇది కూరలోకి అన్నం నంజుకున్నట్టుందండి."

"మీకూ ఇదే కంచం" అన్నాను. ఆయన కంచాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టేశారు.

అప్పటి నుంచి మెల్లగా తగ్గడం మొదలైంది. బస్సెక్కి ఏలూరు రావడం ఆవిడకి కష్టం కాబట్టి, ఊళ్ళోనే ఎక్కడైనా బరువు చూసుకుని ఫోన్ చెయ్యమన్నాను. చేపలు తూచే కాటా ఉంది కదా అన్నాను.

"ఆ కాటా ఎక్కితే ఊరంతా కిలో ఎంతని అడుగుతారండి" అన్నారావిడ.

దానికి ఉపాయం పెద్దిరాజు గారు చూశారు. ఒడ్డున దోనెని గట్టిగా కట్టి, ఆవిడని మెల్లగా కూర్చోబెట్టి, అంచుకీ నీటికీ మధ్య వేళ్ళు పెట్టి చూసేవారు. మొదటిసారి ఫోన్ చేసి, "వేలు పట్టట్లేదండి" అన్నారు. సంక్రాంతి వెళ్ళాక, "వేలు పట్టిందండి." నాకు కిలోలు కావాలి, వేళ్ళని రికార్డులో ఎలా రాసేది? అయినా రాసుకున్నాను.

మధ్యలో ఒక పెళ్ళిలో గీత చెరిగింది. చాలా రోజులు ఫోన్ రాలేదు. నేనే చేస్తే ఆవిడ సిగ్గుపడ్డారు. "పెళ్ళి అయిపోయింది కదమ్మా, కంచం ఇంట్లోనే ఉంది కదా" అన్నాను. ఆవిడ మాట మార్చారు. మా పాపని ఆసుపత్రిలో ఒకసారి చూశారు.

"పాప ఎలా ఉందండి?"

"బరువు పెరగట్లేదమ్మా. వారం వారం చూస్తున్నాను."

"ఆడుకుంటోందాండి?"

"ఇల్లు పీకి పందిరేస్తోంది."

"మరింకేం? వారం వారం తూచడానికి అదేమన్నా చేపా?"

ఆ మాటకి నవ్వేశాను గానీ, పాపని మెషిన్ ఎక్కించడం ఆ తర్వాత తగ్గింది. డాక్టరు గారు చూడమన్నప్పుడే చూస్తున్నాను.

మరుసటి ఏడాది చలికాలం, ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. మంగతాయారు గారి గొంతు, దాని వెనక నీళ్ళ చప్పుడు, పక్షుల గోల.

"ఎక్కడున్నారమ్మా?"

"కొల్లేట్లో ఉన్నానండి. దోనెలో. ఈయన ఎదురుగానే ఉన్నారు."

వెనక నుంచి ఆయన గొంతు: "కదలకే మంగా, నాలుగు వేళ్ళున్నాయి, అవి కాస్తా పోతాయి. మేడమ్ గారికి చెప్పు, నేను జావ తాగే వచ్చానని."

"విన్నారాండి?" అన్నారావిడ. "ఇంక నా కళ్ళెదుటే ఉంటారు."

ఆ నెల ఆసుపత్రికొచ్చినప్పుడు చూస్తే ఇరవై రెండు కిలోలు తగ్గారు. నేను చెప్పిన ముప్పై ఇంకా రాలేదు. మోకాళ్ళ నొప్పి కొంచెం నయమని, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామని డాక్టరు గారు అన్నారు.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు మెషిన్ ఎక్కమనను. కూర్చోబెట్టి, తగ్గాక ఏం చెయ్యాలని ఉందో అడుగుతాను. మనవరాలితో గుడి మెట్లెక్కాలని ఒకరంటారు, నేల మీద కూర్చుని భోంచెయ్యాలని ఒకరంటారు. అది విన్నాక ఇంట్లో కంచం తెమ్మంటాను. ఎవరి కంచంలోంచీ అన్నం తియ్యను. గీత మాత్రం గీస్తాను.