వేర్ల బొమ్మలు తెరిచే కంప్యూటర్

వేరుశనగ పరిశోధన కేంద్రంలో కృపాకుమారి ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని ఒకటే. చేలో తవ్వి తీసిన మొక్కల వేర్లు కడిగి, గాజు పలక మీద పరిచి, స్కానర్‌తో బొమ్మ తీసి, పొడవూ మందమూ కొలవడం. ఆ కొలిచే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన కంపెనీ పదకొండేళ్ల కిందటే మూతపడింది. కొత్త కంప్యూటర్లలో అది ఎక్కదు. తర్వాత వచ్చినవేమో మట్టి మరకను కూడా వేరనుకుంటాయి. అందుకే మూలగదిలోని పాత కంప్యూటర్ మీద ఆమె ఎవరినీ చెయ్యి వేయనిచ్చేది కాదు.

ఆ సోమవారం సూపరింటెండెంటు గంగప్ప గుమ్మంలో నిలబడ్డాడు.

"కృపమ్మా, శుక్రవారం పాత సామానంతా లారీకెత్తాల. నీ డబ్బా గూడా లిస్టులో ఉండాది."

"కరువు ఏండ్ల వేర్ల బొమ్మలన్నీ దాంట్లోనే ఉండాయన్నా. అది పోతే ఆ ఫైళ్లు యాడా తెరుచుకోవు."

"నన్నేం జేయమంటావు? పైనుంచొచ్చిన ఆర్డరు."

ఆ మాట విన్నాక ఆమెకు కాలు నిలవలేదు. మొత్తం పదహారు వందల బొమ్మలు. ఒక్కోటి తెరిచి, కొలతలు పెన్‌డ్రైవ్‌లోని మామూలు ఫైల్లోకి ఎక్కించాలి. నాలుగు రోజులు చాలవు. ఒకప్పుడు ఇక్కడే పరిశోధన చేసి, ఇప్పుడు బెంగళూరులో ఉన్న శశికుమార్‌కు ఫోన్ చేసింది.

"అక్కా, అట్లాంటిది మళ్లీ రాలేదు. నేనిప్పుడు వాడేది సన్న వేర్లను చూడనే చూడదు. విత్తినాంక చుక్క వాన పడని ఏడాది ఉండాది గదా, ముందు దాన్ని తీయి."

బుధవారానికి కంప్యూటర్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోసాగింది. టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి, అది చల్లారేదాకా వరండాలో అటూ ఇటూ తిరిగేది. గురువారం మధ్యాహ్నం తెర నల్లబడింది. ఎన్నిసార్లు నొక్కినా మళ్లీ వెలగలేదు. ఆ వాన పడని ఏడాది బొమ్మల్లోనే ఇంకా ముప్పై ఎనిమిది మిగిలాయి.

ఆమె లేచి బీరువా తెరిచింది. ఆ ఏటి వేర్లు మాత్రం ఇంకా స్పిరిట్ సీసాల్లో ఉన్నాయి. ఒక్కోదాన్ని బయటికి తీసి, వేరు వెంట దారం పరిచి, ఆ దారాన్ని స్కేలుతో కొలిచింది; మందం భూతద్దం కింద చూసి రాసుకుంది. పది రోజులు పట్టింది. ఈలోగా లారీ వచ్చి పాత కంప్యూటర్‌ను ఎత్తుకెళ్లింది.

ఆమె పంపిన కొలతల ఫైలు అందిన సాయంత్రమే శశికుమార్ ఫోన్ చేశాడు.

"నా పాత నోట్సులో ఉండే కొన్నిటితో పోల్చినా, అన్నీ సరిపోయినాయక్కా. నీ దారం కొలతలు గూడా."

"మిగతా ఏళ్లవి ఏడొందల బొమ్మలు కొలవకుండానే పోయినాయప్పా," అందామె. ఫోన్ పెట్టేశాక కూడా ఆ లెక్క ఆమెను కూర్చోనివ్వలేదు.