గంప మామ కట్టిన టెలిస్కోపు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. కానీ హిందీ రాష్ట్రం అంచున ఉన్న మా తెలుగు ఊరు తర్లగూడ బళ్లో అతిథి శిక్షక్‌గా, అంటే తాత్కాలిక టీచరుగా చేరిన మొదటి ఏడాది తలుచుకుంటే, అప్పటి నేను ఇప్పటి నాకంటే బాగా చిన్నవాడనిపిస్తుంది. (తెలివి పెరిగిందని కాదు, చూపించుకునే అవకాశాలు తగ్గాయి.) బ్లాకు స్థాయి సైన్సు ప్రదర్శన, విజ్ఞాన్ మేళాకి అందరూ అగ్నిపర్వతాల నమూనాలు చేస్తుంటే, నేను అమెరికాలోని ఓ పెద్ద రేడియో టెలిస్కోపు చరిత్ర ఎత్తుకున్నాను. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే మూడు వందల అడుగుల పళ్లెం అది. ఏళ్ల తరబడి పనిచేసి, లోపల ఒక్క ఇనప పలక విరగడంతో ఉన్నట్టుండి కుప్పకూలింది. దాని చోట ఇంకా పెద్దది కట్టారు.

నా నమూనాకి పళ్లెం అల్లింది గంప మామ. ఊళ్లో ఇప్పపూల గంపలన్నీ ఆయన చేతివే. మంచమంత పళ్లెం అల్లి, “ఏంది అల్లుడూ, ఇంత పెద్ద గంపల ఏం పోస్తవ్?” అన్నాడు.

“చుక్కల మాటలు మామా.”

“పోసుకో. బరువుండయిలే.”

దాన్ని గుంజకి పచ్చి వెదురు బద్దతో కట్టబోతుంటే నేనే ఆపి ఇనప తీగ చుట్టాను. సైన్సన్నాక ఇనుముండాలి కదా! “తీగె జారుద్ది అల్లుడూ. పచ్చి బద్దయితే ఆరేకొద్దీ బిగుసుద్ది” అన్నాడు. నేను నవ్వాను.

మేళాకి మామ ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. తన పనిని వేదిక మీద చూడటం ఆయనకదే మొదలు. నేను నోరు తెరవగానే తీగ జారింది. పళ్లెం దొర్లుకుంటూ పోయి ముందు వరసలో ఆఫీసరు సాబ్‌ల కాళ్ల దగ్గర పడింది. హాలంతా నిశ్శబ్దం. నిశ్శబ్దం చూస్తే నా నోరు ఊరుకోదు. “పాత టెలిస్కోపు సరిగ్గా ఇలాగే పడింది. కాకపోతే దాన్ని ఇంజనీర్లు కట్టారు, దీన్ని మా గంపలాయన కట్టాడు” అన్నాను, హిందీలో. అందరూ విరగబడి నవ్వారు. బహుమతి కూడా ఇచ్చారు. (మామకి హిందీ నాకంటే బాగా వచ్చు.) పళ్లెం ఎత్తుకుని చూసేసరికి వెనక వరసలో ఆయన కుర్చీ ఖాళీ.

వారం తర్వాత బడి ముందు ఇంకా పెద్ద పళ్లెం నిలబడి ఉంది, పచ్చి బద్ద కట్టుతో. పక్కనే మామ చేతులు దులుపుకుంటున్నాడు. “పాతదాని జాగల పెద్దది కట్టిన్రంటివి గద.”

“మామా, ఆ రోజు తీగ...”

“పోరగాళ్లు జూస్తున్నరు. పో, పాఠం చెప్పు.”

వెళ్లి పాఠం చెప్పాను. అదీ నా ధైర్యం.

అది ఇంకా నిలబడే ఉంది. గాలివాన వెలిసిన ప్రతిసారీ పిల్లలు అడుగుతారు: “అమెరికాది పడింది గదా సారూ, మనదెందుకు పడలే?” “దీన్ని మా గంపలాయన కట్టాడు” అంటాను. హిందీలోనే, గట్టిగా. మామ ఇల్లు బడి వెనకే. వినబడుతోందో లేదో ఇంతవరకూ అడగలేదు.