టర్కీ మీద తెల్ల స్టిక్కరు

నిన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా తోడల్లుడు ఒక ఫొటో పెట్టాడు. ఇక్కడ ఐర్లండ్‌లోనే, చెర్రీవుడ్ అనే చోటికి వాడి ఆఫీసు వాళ్లంతా సరదాగా బాణాలు వేయడానికి వెళ్లారట. ఫోముతో చేసిన టర్కీ కోడి పక్కన వాడు విల్లు పట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. బాణం దాని పొట్ట మధ్య గీసిన తెల్ల సున్నాలో దిగి ఉంది. కింద, ఒకప్పుడు నిజం టర్కీనే కొట్టానని రాసుకున్నాడు. పిల్లలందరూ 'సూపర్ అంకుల్' అంటూ మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేస్ ఊళ్లోని మా వంటింట్లో నేను కాఫీ కప్పు విసురుగా పెట్టిన చప్పుడుకి మా ఆవిడ వచ్చి, ఫోను చూసి, ఒలికిన కాఫీ తుడిచి వెళ్లిపోయింది. వాడు ఆమె చెల్లెలి మొగుడు మరి.

మన వాళ్లు పట్టుమని పదిమంది కూడా లేని ఆ రోజుల్లో ఈ దేశం వచ్చినవారికి ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉండేవో గుర్తుండే ఉంటుంది. నేనూ ఈ తోడల్లుడూ వైద్య పరికరాలు తయారుచేసే ఒకే ప్లాంటులో పనిచేసేవాళ్లం. అక్కడే పనిచేసే ఒక ఐరిష్ పెద్దాయన మా ఒంటరితనం చూసి, ఊరి బయట ఒక రైతు తోపుకి తీసుకెళ్లి విల్లు చేతికిచ్చాడు. ఈ దేశంలో విల్లుతో వేటాడటం నేరం, అందుకే చెట్ల మధ్య ఫోము జంతువులను నిలిపి వాటి మీద వేసేవాళ్లం. పరాయి దేశపు కుర్రాళ్లను తోపులోకి రానివ్వడానికి రైతు తటపటాయిస్తే, వీళ్లకు నేను పూచీ అని పెద్దాయన మాట ఇచ్చాడు.

వయసులో ఉండగా ఆయన అమెరికాలో అడవి టర్కీలను విల్లుతో వేటాడినవాడు. అది ఈకలు పొంగించి, తోక విప్పి నిలబడితే కనిపించేదంతా పక్షి కాదనీ, ముప్పాతిక వంతు ఉత్త ఈకలేననీ, ప్రాణమున్న చోటు గుప్పెడంత మాత్రమేననీ చెప్పేవాడు. పక్కకి తిరిగి ఉంటే రెక్క ఒంటికి కలిసే మొదట్లో వేయాలి, వీపు చూపిస్తే తోక మొదట్లో వేయాలి, అలా కుదరకపోతే విల్లు దించి ఇంటికి పోవాలి. అన్నింటికీ బాగుందన్నట్టు 'గ్రాండ్' అనే మనిషి, ఈ ఒక్క విషయంలో బాణం జానెడు పక్కకి పోయినా ఆ మాట అనేవాడు కాదు.

మా వాడికి ఇదంతా చాదస్తంగా తోచింది. గుర్తు లేకపోతే చూపు నిలవదని చెప్పి, ప్లాంటులో తనిఖీ పాసైన పెట్టెలకు అంటించే గుండ్రటి తెల్ల స్టిక్కరు తెచ్చి టర్కీ పొట్టకి నట్టనడుమ అంటించాడు. పెద్దాయన పీకేసేవాడు, వీడు మళ్లీ అంటించేవాడు. స్టిక్కరులో బాణం దిగితే పాసైనట్టే వీడికి, ఇక వేరే చదువు అక్కర్లేదు.

ఆ చలికాలం ముందు రైతు పెంచే టర్కీల్లో ఒకటి తప్పించుకుని తోపులో చేరింది. తిరిగి పట్టుకోవాలని రైతు, దాని జోలికి పోవద్దని పెద్దాయన, ఇద్దరూ మాకు చెప్పే ఉంచారు. ఒక ఆదివారం నేను బాణాలు ఏరుకుంటుండగా అది ఈకలు పొంగించుకుని మా వాడి ముందుకి వచ్చింది. వాడు విల్లు ఎక్కుపెట్టి, రోజూ స్టిక్కరు ఉండే చోట సరిగ్గా నడిమికి వదిలాడు. ఈకలు గాలిలోకి లేచాయి. బాణం పొట్ట కింద వేలాడుతుండగా అది ముళ్లపొదల్లోకి పరుగెత్తింది.

నేనూ పెద్దాయనా మోకాళ్ల మీద పాకుతూ మధ్యాహ్నం దాకా వెతికాం. దొరికేసరికి ఇంకా ప్రాణంతో ఉంది, మా వైపే చూస్తోంది. పెద్దాయన దాని మెడ విరిచి బాధ తప్పించాడు. చేతులు కడుక్కోవడానికి కూడా ఆగకుండా రైతు ఇంటి వైపు నడుస్తుంటే, మా వాడు నా చొక్కా పట్టుకుని లాగాడు.

"నక్క పట్టిందని చెబుదాం అన్నయ్యా. గార్డ్స్ దాకా పోయి పోలీసు కేసైతే నా వీసా ఏమైపోద్దో! అయినా ఎట్టాగూ క్రిస్మస్‌కి కోసేదేగా!"

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. గొడవ ఏమిటో పెద్దాయనకు భాష రాకపోయినా అర్థమైంది. రైతు తలుపు తీయగానే టర్కీని ముందు పెట్టి, బాణం వేసింది నేనే అన్నాడు. నేను నోరు తెరవబోతే నా కాలు గట్టిగా తొక్కాడు. రైతు గార్డ్స్‌ని పిలవలేదు. ఇన్నేళ్ల స్నేహానికి ఇదా అని ఒక్క మాట అని, ఆ సాయంత్రమే తోపు గేటుకి తాళం వేశాడు. పెద్దాయన మళ్లీ విల్లు పట్టలేదు, ఆ రైతు కూర్చునే పబ్బుకి వెళ్లడమూ మానేశాడు. ఆయన పోయినప్పుడు చర్చికి రమ్మంటే, షిఫ్టు ఉందన్నాడు మా వాడు. ఆ వీసా మీదే ఇల్లు కొన్నాడు, పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు, ఇప్పుడు ఆ టర్కీని కొట్టిన మొనగాడూ తనేనట.

సాయంత్రం మరదలు ఫోను చేసింది. "పోనీలెండి బావగారూ, ఎప్పటి సంగతో కదా!" అంది. ఎప్పటిదో కాబట్టే నాకు మంట. ఆ పెద్దాయన తన పరువు ఇచ్చి కాపాడిన మనిషికి, బాణం ఎక్కడ వేయాలో ఈనాటికీ తెలియదు.

ఆ తోపు ఇప్పుడు లేదు, అక్కడ వరసగా ఇళ్లు లేచాయి. టర్కీని నిలబెట్టే చోట ఎవరిదో పెరడు, అందులో పిల్లలు ఎగిరే ట్రాంపొలీన్. అటు వెళ్లినప్పుడల్లా కారు ఆపి కాసేపు చూస్తాను. తోపు పోయింది, పెద్దాయన పోయాడు, కానీ ఆ ఖాళీలో రెక్క మొదలు ఎక్కడుండేదో నా కన్ను ఇప్పటికీ వెతికి పట్టుకుంటుంది. గ్రాండ్ అనడానికే ఎవరూ లేరు.