ఆల్బిన్ బొటనవేలి తీర్పు

ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన బేస్‌బాల్ కార్డు కనిపిస్తే చాలు, ఆల్బిన్ సెడోర్‌కి ఒళ్ళు మండేది. ముక్కూ మొహం తెలియనివాడెవడో వెయ్యి మైళ్ళ అవతల కూర్చుని, కార్డుని భూతద్దంలో చూసి, పదికి ఇన్నని మార్కులేసి, ఇక ఏ చెయ్యీ తగలకుండా పెట్టెలో సీలు వేసి పంపుతాడట. దానికి జనం డబ్బులు పోసి వరసలో నిలబడతారట. చిన్నప్పుడు చూయింగ్ గమ్‌తో పాటు ఊరికే వచ్చిన, ఆటగాడి బొమ్మ ఉన్న అట్టముక్క అది. సైకిలు చువ్వల మధ్య పెట్టి టపటపలాడించిన అట్టముక్క. దానికిప్పుడు మార్కులా!

"బళ్ళో నాకెప్పుడూ పదికి ఆరు దాటలేదు. నన్నేమన్నా పెట్టెలో పెట్టారా?" అని అడిగేవాడు. ఎవరూ జవాబు చెప్పేవారు కాదు. ఆల్బిన్ ప్రశ్నలు జవాబు కోసం వేసేవి కావని ఊరందరికీ తెలుసు.

ఈ మంటకి అతని దగ్గర ఒక కారణం ఉంది. పెన్సిల్వేనియా బొగ్గు కొండల్లోని ఆ ఊళ్ళో ఒకప్పుడు ఆ కార్డులు అచ్చువేసే ప్రెస్సు ఉండేది. అందులో అతను ముప్పై ఒక్క ఏళ్ళు కటింగ్ మిషను మీద పనిచేశాడు. నూటముప్పై రెండు బొమ్మలున్న పెద్ద షీట్లు దొంతరగా వచ్చేవి. అతను వాటిని సర్ది, బిగించి, బ్లేడు దించితే కార్డులయ్యేవి. బొమ్మ చుట్టూ తెల్ల అంచు నాలుగు వైపులా సమంగా ఉంటే ఇవాళ పెట్టెవాళ్ళు పది మార్కులేస్తున్నారు, ఒక పక్కకి జరిగితే ఏడు.

"ఆ పదీ నేనే, ఆ ఏడూ నేనే," అనేవాడు ఆల్బిన్. "సోమవారం పొద్దున కోసినవి పది. శుక్రవారం సాయంత్రం, మనసు బీరు మీదికి పోయాక కోసినవి ఏడు. నా దాహానికి మార్కులేస్తున్నార్రా వెధవలు!"

ఈ మాట మొదటిసారి విన్నవాళ్ళు పగలబడి నవ్వేవారు. నలభయ్యోసారి విన్నవాళ్ళు కూడా నవ్వినట్టు కనిపించడం మంచిదని నేర్చుకున్నారు.

పని చేసినన్నాళ్ళూ అతనికి కార్డు మొహం చూడబుద్ధయ్యేది కాదు. ప్రెస్సు మూతబడింది, పింఛను మొదలైంది. కాళ్ళకి అడ్డం పడుతున్నావని భార్య వాండా రోజుకి పదిసార్లు కసిరింది. అప్పుడు అటక మీది చెప్పుల పెట్టెలు దించి మళ్ళీ కార్డుల్లో పడ్డాడు. నెలకి రెండో ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక, ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో కార్డుల పిచ్చివాళ్ళందరూ బల్లలు వేసుకుని చేరేవారు. కిటికీ దగ్గర ఆడవాళ్ళు బంగాళాదుంప అట్లు వేసి అమ్మేవారు. మొదటి నెల ఆల్బిన్ ఒక మూల కూర్చున్నాడు. మూడో నెలకి నడిమధ్య బల్ల అతనిదైపోయింది.

దానికి కారణం అతని కుడిచేతి బొటనవేలు. పాత కార్డు ధర పెంచడానికి దొంగలు చేసే పని ఒకటుంది. నలిగిన అంచుని సన్నగా కత్తిరించేస్తారు, కార్డు కొత్తదానిలా కనిపిస్తుంది. కార్డుల పిచ్చివాళ్ళ లెక్కలో అంతకన్నా నీచమైన పని లేదు. ఆల్బిన్ కళ్ళు మూసుకుని అంచు మీద వేలు పోనిచ్చేవాడు. మిషను బ్లేడు పైనుంచి దిగితే పై అంచు ఇసుమంత వంగుతుందని, కింది అంచున కంటికి కనిపించని గరుకు మిగులుతుందని అతను చెప్పేవాడు. "ఇది మాది," అంటే కార్డు మంచిది. "ఇది కత్తిరించింది," అంటే ఆ కార్డూ, దాన్ని తెచ్చినవాడూ ఆ రోజుకి అయిపోయినట్టే. స్కేలు పెట్టి కొలవడం అతనికి నామోషీ. కొలత అనేది చేతకానివాళ్ళ కోసం పుట్టిందని అతని నమ్మకం. డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఒక వేలిని అంతగా నెత్తిన పెట్టుకుని ఊరేగడం చూస్తే నవ్వొచ్చేది గానీ, నవ్విన వాళ్ళు లేరు.

పోయిన చలికాలంలో ఆ వేలి కింద పడ్డవాడు ఫ్లోరియన్. వాండాకి తమ్ముడు, పోస్ట్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి, గట్టిగా తలుపు కూడా కొట్టి ఎరగడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొనిచ్చిన కార్డొకటి అమ్మడానికి కాదు, చూపించడానికి తెచ్చాడు. ఆల్బిన్ వేలు పోనిచ్చాడు.

"ఇది కత్తిరించిందిరా," అన్నాడు హాలంతా వినపడేలా.

"మా నాన్న దుకాణంలో కొనిచ్చింది బావా. పొట్లం నేనే విప్పాను. ఎవరు కత్తిరిస్తారు?"

"అది మీ నాన్ననడుగు."

నాన్న పోయి ఇరవై ఏళ్ళు. జనం నవ్వారు. ఫ్లోరియన్ కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, అట్టు తినకుండానే ఇంటికి పోయాడు. తర్వాత నెలలో వచ్చాడు, ఉత్త చేతులతో. అప్పటినుంచీ ఉత్త చేతులతోనే వస్తున్నాడు.

అలాంటివాడు వసంతంలో ఒకరోజు మెల్లిగా అన్నాడు: "బావా, నీ ఎడమచేతి పిచ్చర్ని ఆ పెట్టెవాళ్ళకి ఒకసారి పంపరాదూ? వాళ్ళు గుడ్డివాళ్ళో కాదో తేలిపోతుందిగా."

ఎడమచేతి పిచ్చరంటే ఆల్బిన్ దగ్గరున్న కార్డుల్లోకెల్లా గొప్పది. ఫిలడెల్ఫియా జట్టుకి ఎడమచేత్తో బంతి విసిరే కుర్రాడి బొమ్మ. పెళ్ళయిన కొత్తలో ఆల్బిన్ స్వయంగా కోసిన షీటులోంచి ఫోర్‌మన్ తీసి బహుమతిగా ఇచ్చినది. మిషను మీంచి నేరుగా ఇంటికొచ్చింది, దుకాణం గాలి కూడా సోకలేదు.

"పంపుతా. పదికి తక్కువేస్తే వాళ్ళ మొహాన కళ్ళు లేనట్టే," అన్నాడు ఆల్బిన్. అంతటితో ఆగలేదు, హాల్లో ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి చెప్పాడు.

ఏడు వారాలకి కార్డు తిరిగొచ్చింది. పెట్టె లేదు, మార్కులూ లేవు. చిన్న చీటీ ఒకటి ఉంది: అంచు కత్తిరించబడినందువల్ల మార్కులు వేయలేదు.

తల కొట్టేసినట్టయింది అతనికి. ఊరందరి మీదా తను వాడిన మాటని ఎవడో తన మీదే వాడాడు. ఆ రాత్రికి రాత్రే నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. రెండో ఆదివారం హాల్లో కుర్చీ ఎక్కినంత పని చేసి చదివాడు. "ఈ కార్డుని కోసింది నేను. నా చేతికి నేనే సాక్షి. అయ్యలారా, మీరు పుట్టకముందే నేను దించిన బ్లేడుని మీరు దొంగ కత్తెర అంటున్నారు!" హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఇకమీదట ఒక్క కార్డు కూడా పెట్టెవాళ్ళకి పంపబోమని ఆరుగురు అక్కడికక్కడే ఒట్టేశారు. వాళ్ళలో ముగ్గురికి పంపడానికి కార్డులే లేవనుకోండి.

ఫ్లోరియన్ కూడా చప్పట్లు కొట్టాడు. ఆపాక అడిగాడు: "స్కేలు పెట్టి చూశావా బావా?"

"నాకు స్కేలెందుకురా!"

ఇన్నాళ్ళూ ఆల్బిన్ ఈ సంగతి వాండాకి చెప్పలేదు. ఆమె నోటికి జడుస్తాడు. కానీ చప్పట్ల మత్తులో ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి, ఉత్తరం మళ్ళీ మొదటినుంచీ చదివాడు. వాండా పిరోగీలనే ఉడికించే కజ్జికాయల కోసం పిండి వత్తుతోంది. మూడో పేజీ దగ్గర కర్ర ఆపింది.

"ఏ కార్డు? ఆ ఎడమచేతి వాడిదా?"

"అదే."

"దాన్ని కత్తిరించింది నేనేగా."

ఆల్బిన్ కాగితం దించాడు. "ఏం కూశావ్?"

"కూయడమేంటి, కత్తిరించాను. మా అమ్మిచ్చిన వెండి ఫ్రేములో పెడదామంటే పట్టలేదు. ఒక పక్కన దారమంత తీసేశాను. గరుగ్గా ఉందని నా కుట్టుపని వేలితొడుగుతో అంచు రుద్దాను, కాలరు మడత రుద్దినట్టు. నీ పుట్టినరోజుకిచ్చాను. చెప్పాను కూడా. నువ్వు వింటేగా! ఫ్రేము అద్దం పగిలాక నువ్వే తీసి చెప్పుల పెట్టెలో పడేశావు."

"అబద్ధం. నా వేలికి తెలుస్తుంది."

"నీ వేలికి తెలిసింది చాల్లే," అంటూ ఆమె పిండి చేతులు తుడుచుకుంది. షర్టుల ఫ్యాక్టరీలో కటింగ్ రూములో పాతికేళ్ళు చేసిన మనిషి ఆమె. సొరుగులోంచి పెద్ద కత్తెర తీసింది, ఓట్స్ డబ్బా అట్ట లాగి ఒక్క ఊపులో కోసింది, అంచుని వేలితొడుగుతో రెండుసార్లు రుద్దింది. "కళ్ళు మూసుకుని చెప్పు."

ఆల్బిన్ కళ్ళు మూసుకోలేదు గానీ వేలు పోనిచ్చాడు. పై అంచు ఇసుమంత వంగి ఉంది. కింద కంటికి కనిపించని గరుకు ఉంది.

ఆమె కుట్టుటేపు తెచ్చి కార్డు మీద పరిచింది. వెడల్పు ఉండాల్సినదానికన్నా దారమంత తక్కువ. ఆల్బిన్ ఇంకోసారి కొలిచాడు. ఆ తర్వాత టేపు తిరగేసి, సెంటీమీటర్లలో కొలిచాడు. తక్కువ తక్కువగానే ఉంది.

"ముప్పై ఒక్క ఏళ్ళు మిషను, మిషను అని నా చెవులు తినేశావు," అంది వాండా, మళ్ళీ కర్ర అందుకుంటూ. "పెళ్ళాం కత్తెరకీ నీ మిషనుకీ తేడా తెలీలేదు. వెయ్యి మైళ్ళ అవతలవాడికి తెలిసింది."

"హాల్లో ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తాను, నాకేం పని! ఎప్పట్లాగే వెళ్ళు, వేలు ఊపుకుంటూ తిరుగు." పిండి ఒకసారి తిప్పింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో ఎగతాళి లేదు. "మరి మా తమ్ముడి కార్డు సంగతేంటి?"

"ఏం సంగతి?"

"దాన్ని కత్తిరించిందన్నదీ ఈ వేలేగా."

ఆల్బిన్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ నెలంతా ఇంట్లో అతని గొంతు వినపడలేదు. వాండా దాన్ని హాయిగా అనుభవించింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, వేలు వేలుగానే ఉంటుంది, నడిమధ్య బల్ల తనదిగానే ఉంటుంది. చెబితే మాత్రం ఏడేళ్ళుగా ఇచ్చిన తీర్పులన్నీ లేచి వచ్చి తన చుట్టూ నిలబడతాయి. అతను లెక్కపెట్టడానికి ప్రయత్నించి మానేశాడు. ఒక్క కార్డు మాత్రం ఎంత మానుకున్నా మనసులోంచి పోలేదు. 'మీ నాన్ననడుగు' అన్న తన గొంతు తనకే వినిపించేది, అదీ ఎంత చవకబారుగానో.

రెండో ఆదివారం వాండా కూడా హాలుకి వచ్చింది. అట్ల కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఆల్బిన్ లేచి, గొంతు సవరించుకుని, నీళ్ళు నములుతూ చెప్పాడు. తన కార్డు కత్తిరించినదేనని, కత్తిరించింది తన భార్యేనని, పెట్టెవాళ్ళు చెప్పింది నిజమని.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు కూలిపోయేంత నవ్వు. "వాండమ్మా, ఆ కత్తెర నాక్కూడా కాస్త ఇవ్వు!" అని ఒకడు అరిచాడు. ఒట్టేసిన ఆరుగురిలో ఒకడు, ఒట్టేసిన వారంలోనే నాలుగు కార్డులు పంపేశానని ఒప్పుకున్నాడు. ఏడేళ్ళుగా మొక్కుబడిగా నవ్వినవాళ్ళందరూ ఆ రోజు వడ్డీతో సహా తీర్చుకున్నారు. ఆల్బిన్ తలదించుకుని నవ్వు పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. అది అతను జీవితంలో చేసిన మంచి పనుల్లో ఒకటి. అలాంటివి మరీ ఎక్కువేం లేవు.

ఫ్లోరియన్ మాత్రం నవ్వలేదు. బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మరి నాది బావా?"

"తీసుకురారా. స్కేలు పెట్టి చూద్దాం. ఇప్పుడే ఇంటికెళ్ళి పట్రా, నేనిక్కడే ఉంటాను."

"లేదు."

"పోనీ నేనే వస్తాను నీ ఇంటికి."

"కార్డు లేదు బావా. ఆ రోజు ఇంటికెళ్ళి పొయ్యిలో వేశాను."

పక్క బల్లల వాళ్ళు నవ్వడం మానేశారు. కిటికీ దగ్గర వాండా కట్టుకున్న చేతులు విప్పింది. ఈ సంగతి ఆమెకీ తెలియదు.

"ఎందుకురా?" అన్నాడు ఆల్బిన్.

"మా నాన్న దొంగ సరుకు కొనిచ్చాడనుకున్నాను. ఎవరి కంటా పడకూడదనుకున్నాను." ఫ్లోరియన్ ఎప్పట్లాగే మెల్లిగా, కోపం లేకుండా మాట్లాడాడు. "ఇప్పుడు చెప్పు. అది కత్తిరించిందా, కాదా?"

ఆల్బిన్ బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు. అవునంటే సరిపోతుంది, వాడు ఇంటికెళ్ళి నిద్రపోతాడు. కాదంటే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం లేకపోయింది. కానీ అవునో కాదో అతనికి నిజంగా గుర్తులేదు. ఆ రోజు వేలికి ఏం తగిలిందో గుర్తులేదు, జనం నవ్వడం మాత్రమే గుర్తుంది.

"నాకు తెలీదురా," అన్నాడు.

ఫ్లోరియన్ తల ఊపాడు. "పెట్టెవాడి మాటైతే డబ్బు పెట్టి కొనుక్కునేవాణ్ణి. నచ్చకపోతే వాడితో పోట్లాడేవాణ్ణి," అన్నాడు. "నువ్వు మా అక్క మొగుడివని నీ మాట ఊరికే నమ్మాను."